ఆరో గడి

మార్నీ పనుల కార్డు చూసి నేను నోరు తెరిచిన చోట పోయిన వారం ఆగాం. ఆ నోరు ఇంకా పూర్తిగా మూతపడలేదు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

నేను విన్నీ ఓల్డ్‌రాయ్డ్‌ని. ముప్ఫై ఒక్కేళ్ళు బడిలో వంట చేసి రిటైరయ్యాను. ఇంట్లోనే కూర్చుంటే మా ఆయనకి ప్రాణహాని అని గ్రహించి, థోర్న్‌బెక్ స్కౌట్ దండులో సామాన్ల గది బాధ్యత తీసుకున్నాను. గుడారాలు, గిన్నెలు, గొడ్డళ్ళు, తాళ్ళు నా చేతిమీదుగా వెళ్ళి మళ్ళీ నా చేతికే రావాలి. పిల్లల పనుల కార్డుల మీద సంతకం కూడా నాదే.

ఆ కార్డులో ఆరు గళ్ళుంటాయి. నీళ్ళు, నిప్పు, వంట, గిన్నెలు, జెండా, మరుగుదొడ్డి. క్యాంపులో ఏ పని చేస్తే ఆ గడిలో నేను సంతకం పెడతాను. కార్డు మాత్రం ఎవరిది వాళ్ళ చొక్కా జేబులోనే ఉంటుంది. ఆరు గళ్ళూ నిండినవాళ్ళే దళనాయకుడి ఎన్నికలో పోటీ చెయ్యాలని, తొంభై ఏళ్ళ కిందట మా దండు పెట్టినాయన ఒక చెక్క మీద రంగుతో రాసి గోడకి కొట్టించాడు. ఆయన పోయాడు గానీ ఆ చెక్కా ఉంది, ఆ రూలూ ఉంది.

మార్నీ హెప్‌వర్త్‌కి పదమూడేళ్ళు. మా దండులో నక్కల దళమనే చిన్న జట్టు పిల్ల. కాళ్ళు పుట్టినప్పటినుంచీ పని చెయ్యవు, ఆ లోటంతా నోరు తీరుస్తుంది. వాళ్ళ నాన్న ఆమె చక్రాల కుర్చీకి కొండలెక్కే సైకిల్ టైర్లు బిగించాడు కాబట్టి బురదలో మా అందరికంటే తనదే వేగం. మూడేళ్ళలో పదకొండు క్యాంపులకి వచ్చింది. కార్డులో జెండా గడి చూస్తే పదకొండు సంతకాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆరోదైన మరుగుదొడ్డి గడి ఉతికిన దుప్పటిలా తెల్లగా ఉంది.

ఆ పదకొండు సార్లూ నేనేమన్నానో నాకు గుర్తుంది. "నువ్వు జెండా చూసుకో తల్లీ, ఆ కంపు పని మేం చూసుకుంటాంలే" అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆ ప్రేమ పుణ్యమా అని, ఈ క్యాంపు చివర ఆదివారం మధ్యాహ్నం జెండా దించి ఎన్నిక పెట్టే వేళకి, ఆ పిల్లకి పోటీ చేసే అర్హత లేదు.

నక్కల దళంలో పెద్దపిల్లలు ఇద్దరే, మార్నీ, ఒవైస్ మాలిక్. మిగతా నలుగురూ ఇంకా బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్చుకుంటున్నారు. ఒవైస్ దొడ్డి గడిలో తొమ్మిది సంతకాలున్నాయని దండులో అందరూ ఎరుగుదురు. కాబట్టి వాడి కార్డు ఎప్పుడో నిండిపోయిందని అందరం లెక్కేసుకున్నాం.

అదీ సంగతి. ఇక శనివారం మధ్యాహ్నంలోకి వెళదాం.

భోజనాలయ్యాయి. మార్నీ తన కుర్చీని తిన్నగా స్కిప్ ముందుకి తోలుకొచ్చింది. స్కిప్ అంటే మా దండు నాయకుడు గ్యారెత్. ఊళ్ళో గ్యాస్ పొయ్యిలు బాగు చేస్తాడు. మంచివాడు, ఎవరేది అడిగినా సరేనంటాడు. ఇద్దరు ఒకేసారి రెండు రకాలుగా అడిగితే మాత్రం టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోతాడు.

"స్కిప్, ఇవాళ బకెట్ నాది," అంది మార్నీ.

"ఏ బకెట్?"

"కడిగినా వాసనపోనిది."

మా క్యాంపు మరుగుదొడ్డి గురించి చెప్పాలి. నిలువెత్తు సన్నటి గుడారం, లోపల ఒక పెద్ద బకెట్, దాని మీద ఆసనం, అడుగున నీలం మందు. మార్నీ కుర్చీలోంచి దాని మీదికి మారడానికి పట్టుకునేందుకు రెండు గుంజలు నేనే పాతించాను. బకెట్ లోపల ఒక ఎర్ర గీత ఉంటుంది. అది కూడా నేను గీసిందే. కొందరు తెలివైనవాళ్ళు పావు బకెట్ మోసుకెళ్ళి సంతకానికి వచ్చేవాళ్ళు, అందుకని గీశాను. గీతదాకా నిండిన బకెట్‌ని నూటయాభై గజాలు పల్లానికి మోసుకెళ్ళి, రైతు గోడ పక్కనున్న సిమెంటు తొట్టిలో పోసి, కడిగి తేవాలి. బకెట్ మూతని రెండేళ్ళ కిందట ఒక గొర్రె తొక్కి విరగ్గొట్టింది. కొత్త మూత కొనమని కమిటీని మూడు సమావేశాల్లో అడిగాను, పరిశీలిస్తామన్నారు.

స్కిప్ నా వైపు చూశాడు. నేను మేఘాల వైపు చూశాను. ఇంతలో గేటు దగ్గర కారు హారన్ మోగింది.

వచ్చింది హిలరీ ఫాసెట్ గారు, మా కమిటీ అధ్యక్షురాలు. అరవై రెండేళ్ళు, క్రీము రంగు ప్యాంటు, మెడలో ముత్యాలు. ఆవిడ మనసు వెన్న, అందులో అనుమానం లేదు. దండులో ఎవరికి జలుబు చేసినా డాక్టరుకంటే ముందు ఆవిడ సూప్ చేరుతుంది, వద్దన్నా చేరుతుంది. ఆవిడ కారు వెనకాల ఒక లారీ, లారీ మీద తెల్లటి గది ఒకటి. ఆ గదికి చుట్టూ పసుపు రిబ్బను, తలుపు మీద "మార్నీకి ప్రత్యేకం" అని అట్టముక్క.

"మరుగుదొడ్డి," అన్నారావిడ కళ్ళు మెరుస్తుండగా. "వాలుబల్ల ఉంది, లోపల లైటుంది, అద్దముంది. పువ్వులు కూడా పెట్టించాను."

లారీ డ్రైవరు పొలంలోని బురద చూసి, ఇందులో దిగితే మళ్ళీ క్రిస్మస్‌కే బయటికొస్తానని గేటు అవతల రోడ్డు మీదే దాన్ని దించేసి వెళ్ళిపోయాడు. మార్నీ తన గుడారం వైపు చూసింది, గది వైపు చూసింది.

"హిలరీ గారూ, ఇది రెండు వందల గజాలు. అదీ ఎగువకి. నేనక్కడికి చేరేసరికి పని అయిపోతుంది."

"నేను తోస్తాగా బంగారం."

"తెల్లారుజామున మూడింటికా?"

"ఫోన్ చెయ్యి. కార్లోనే పడుకుంటాను."

ఆవిడ నిజంగానే కార్లో పడుకుంటారని మా అందరికీ తెలుసు. అదే ఆవిడతో ఇబ్బంది. ఏదీ మాటవరసకి అనరు.

"ఇంకోటి కూడా తెచ్చాను," అంటూ ఆవిడ సంచిలోంచి ఒక కాయితం తీశారు. అడుగున కమిటీ ముద్ర కూడా ఉంది. "గ్యారెత్ ఫోన్లో చెప్పాడు నీ కార్డు సంగతి. నిన్న సాయంత్రమే అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడేశాను. నీకు ఆ ఆరో గడి అక్కర్లేదు. ప్రత్యేక మినహాయింపు. రేపు హాయిగా పోటీ చేసేయ్."

చుట్టూ పిల్లలు మూగారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, మార్నీ మొహం చూసి ఆపేశారు. మార్నీ కాయితం మొత్తం చదివింది. మడిచింది. ఇంకోసారి మడిచి హిలరీ గారి చేతిలో పెట్టింది.

"నాకు మినహాయింపు వద్దండీ. బకెట్ కావాలి."

"అదేంటమ్మా. అంత రోత పని ఎవరైనా కావాలంటారా?"

"ఎవరూ అనరు. అందుకే వంతులేసుకుంటాం. ఈ కాయితంతో నేను లీడరైతే, వచ్చే క్యాంపులో వీడికి దొడ్డి కడగమని చెప్తాను. అప్పుడు వీడేమంటాడు?" అని వెనక్కి తిరిగింది. "ఒరేయ్ ఒవైస్, ఏమంటావురా?"

ఒవైస్ ఆలోచించే అవసరం కూడా లేకుండా చెప్పాడు. "నువ్వెప్పుడైనా కడిగావా అంటాను."

"విన్నారా."

"పాపం వాడలా అనడు," అన్నారు హిలరీ గారు.

"అంటానండీ," అన్నాడు ఒవైస్ మర్యాదగా.

"ఆ దొడ్డిని నేనూ వాడుతున్నాను కదా హిలరీ గారూ," అంది మార్నీ. గొంతు పెంచలేదు. "నింపేవాళ్ళలో నేనున్నాను. పారబోసేవాళ్ళలో ఎందుకు లేను?"

హిలరీ గారు స్కిప్ వైపు చూశారు. స్కిప్ టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, హిలరీ గారి మీదా కాదు. మూడేళ్ళుగా పెన్సిల్ చెవి మీద పెట్టుకు తిరుగుతూ ఆ తెల్లగడి కంటపడని నా మీద.

"క్యాంపులో సామాన్లన్నీ నావి," అన్నాను. "బకెట్ కూడా సామానే. తీసుకో మార్నీ. చేతికి గ్లవుజులు వేసుకో."

బకెట్ గీతదాకా నిండే ఉంది. ఇరవై ఆరుమంది పిల్లలు, పొద్దున బీన్స్ గింజలు పెట్టాను. మార్నీ దాన్ని కుర్చీ కాలిపలక మీద తన రెండు పాదాల మధ్య పెట్టించుకుని, కుర్చీ కడ్డీలకి తాడుతో కట్టింది. ముడులన్నీ తనే వేసింది. నేను లాగి చూశాను, కదల్లేదు. నా జీవితంలో చాలా ముడులు చూశాను, వాటికి వంక పెట్టడానికి లేదు.

ఒవైస్ పక్కనే నడుస్తున్నాడు. వాడి కాళ్ళకి కొత్త బూట్లు, వాటికి తెల్లటి తాళ్ళు. వాళ్ళ నానమ్మ ఈ క్యాంపు కోసమే కొనిచ్చింది.

"ఎందుకురా తెల్ల తాళ్ళు, బురదలోకి?" అన్నాను.

"మా నానమ్మ లెక్క వేరండీ. మనవడు లీడరవుతున్నాడని వీధంతా చెప్పేసింది. లీడరంటే తెల్లగా ఉండాలట."

అందరూ నవ్వారు, మార్నీ కూడా నవ్వింది. వాడూ నవ్వాడు.

దిగువకి ప్రయాణం మొదలైంది. మార్నీ చక్రాలని అరచేతులతో బిగించి పట్టుకుని అంగుళం అంగుళం వదులుతోంది. వెనకాల ఇరవై ఐదుమంది, ఊరేగింపులో జనంలా, కాకపోతే ముక్కులు మూసుకుని. నీలం నీళ్ళు అంచుదాకా ఊగి వెనక్కి వెళుతున్నాయి, ఒక్క చుక్క కిందపడలేదు. సగం దూరంలో ట్రాక్టర్ చక్రం చేసిన గాడి ఒకటి దారికి అడ్డంగా ఉంది. మార్నీ ఆగింది. కుర్చీని కాస్త ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్ని విడిగా దాటించాలని లెక్క చూసుకుంటోంది. ఆ లెక్క సరైనదే.

"ఆగు బంగారం, నేనున్నాను," అంటూ హిలరీ గారు వెనకనుంచి పరుగెత్తుకొచ్చారు.

"వద్దండీ," అంది మార్నీ.

"వద్దు హిలరీ," అన్నాను నేను.

వద్దు అనే మాటని ఆవిడ మొహమాటం కింద తీసుకుంటారు. ముందుకి వచ్చి, వంగి, కాలిపలక కడ్డీని రెండు చేతులా పట్టుకుని తన వైపుకి లాగారు. ముందు చక్రాలు గాడిలోకి దిగి నిలిచిపోయాయి. మార్నీ ముడులు బకెట్‌ని కదలనివ్వలేదు, కాని లోపలున్నదానికి ఎవరూ ముడి వెయ్యలేదు. అది ఒక్కసారి పైకి లేచి, సగానికి సగం హిలరీ గారి క్రీము ప్యాంటు మీదికి దిగింది.

హిలరీ గారు నడుము నుంచి కింది దాకా నీలంగా, చేతులు పక్కకి చాపి నిలబడ్డారు. ఒవైస్ మాత్రం ఎప్పుడో పక్కకి గెంతాడు.

"నా తాళ్ళ మీద ఒక్క చుక్క పళ్ళేదు," అన్నాడు.

"సాయం చేద్దామనమ్మా," అన్నారు హిలరీ గారు సన్నగా.

మార్నీ మొహం ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, కాని అవి ఏడుపు నీళ్ళు కావు. "మీరెప్పుడూ అడగరు," అంది. "తోస్తారు, ఎత్తుతారు, తల నిమురుతారు. వద్దంటే వినపడదు. మీరు మంచివాళ్ళు హిలరీ గారూ. అందుకే మీతో పోట్లాడటం కష్టం. చెడ్డవాళ్ళయితే ఎప్పుడో తిట్టేసేదాన్ని."

అప్పటికి స్కిప్ టీ కప్పుతో వచ్చాడు. పరిస్థితి చూశాడు. "విన్నీ, సంతకం పెట్టెయ్," అన్నాడు. "సగందాకా తెచ్చింది కదా. తన తప్పు లేదు కదా."

"పెట్టెయ్యండి," అన్నారు పిల్లలు. హిలరీ గారు కూడా, ఆ నీలంలో నిలబడే, పెట్టెయ్యమన్నారు. మార్నీ జేబులోంచి కార్డు తీసింది, కాని నాకు ఇవ్వలేదు. పట్టుకుని నా మొహమే చూస్తోంది.

నేను చెవి మీంచి పెన్సిల్ తీశాను. మళ్ళీ పెట్టుకున్నాను.

"ఒవైస్, రెండేళ్ళ కిందట ఇదే గాడి దగ్గర ఒలకబోసింది ఎవరు?"

"నేనే. గొర్రె అడ్డమొచ్చింది."

"నీ తప్పు కాదన్నమాట. సంతకం పెట్టానా?"

"లేదు. గడ్డి కడిగించారు. మళ్ళీ నిండాక మళ్ళీ మోయించారు. రాత్రి తీపికి పుడ్డింగ్ కూడా పెట్టలేదు. అది పుల్లటి రూబార్బ్ కాడల పుడ్డింగ్, నాకింకా గుర్తుంది."

"అయితే మార్నీకీ అంతే," అన్నాను. "మిగిలింది తీసుకెళ్ళి తొట్టిలో పొయ్యి. నీళ్ళు తెచ్చి గడ్డి కడుగు. సంతకం లేదు. రేపు మధ్యాహ్నంలోపు గీతదాకా నిండితే మళ్ళీ చేసి చూపించు. ఇవాళ నీకు పుడ్డింగ్ లేదు."

"విన్నీ, నీకు గుండె లేదా," అన్నారు హిలరీ గారు.

మార్నీ కార్డు దించి అడిగింది. "నిజంగా పుడ్డింగ్ లేదా?"

"లేదు."

"కస్టర్డ్ కూడా?"

"కస్టర్డ్ కూడా."

ఆ పిల్ల మొహం విచ్చుకున్న తీరు నేనెప్పటికీ మర్చిపోను. మూడేళ్ళలో, పదకొండు క్యాంపుల్లో, మా దండులో తనకి పడిన మొదటి శిక్ష అది. కార్డు జేబులో పెట్టుకుని, మిగిలిన సగం బకెట్‌తో గాడి ఏటవాలుగా దాటి, తొట్టిదాకా వెళ్ళి పోసొచ్చింది. తర్వాత గంటసేపు గడ్డి కడిగింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నాకు గర్వంగా అనిపించింది.

హిలరీ గారిని సామాన్ల గుడారంలోకి తీసుకెళ్ళి నా పాత ప్యాంటు ఇచ్చాను. అందులో ఆవిడలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. నడుముకి తాడు కట్టుకుంటూ ఆవిడ ఉన్నట్టుండి మొదలుపెట్టారు.

"మా అన్నయ్య ఈ దండులోనే ఉండేవాడు విన్నీ. ఇదే పొలం. అప్పట్లో ఆడపిల్లల్ని చేర్చుకునేవాళ్ళు కాదు. నేను ఆ గోడ మీద కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు స్కౌట్ మాస్టారు పిలిచి, పాపా, నువ్వు నిమ్మరసం పంచు అన్నారు. ఎంత పొంగిపోయానో. ఇప్పటికీ ఏదో ఒకటి పంచుతూనే ఉన్నాను." తాడు ముడి రాక ఆగి, దాన్నే చూస్తూ అడిగారు. "నాకూ ఒక కార్డు ఇస్తావా?"

ముడి నేనే వేశాను.

"ఇస్తాను," అన్నాను. "కాని మొదటి గడి నిమ్మరసం కాదు."

"మరి?"

"ఎవరైనా వద్దంటే ఆగడం."

ఆవిడ నవ్వారు. ఆ ప్యాంటులో, మెడలో ముత్యాలతో, మొదటిసారి ఆవిడ నాకు బాగా నచ్చారు.

ఇక మిగిలిన చిక్కు ఒక్కటే. ఖాళీ బకెట్ మర్నాడు మధ్యాహ్నానికి ఎర్ర గీత అందుకోవాలి. ఈ విషయం తెలియగానే క్యాంపు క్యాంపంతా కదిలింది. స్కిప్ నారింజ షర్బత్ డబ్బాలన్నీ విప్పేశాడు. హిలరీ గారు గరిటె పట్టుకుని కూర్చుని ప్రతి పిల్లకీ, పిల్లాడికీ అడిగి మరీ పోశారు. ఒక్కొక్కర్నీ "ఇంకో గ్లాసు కావాలా" అని అడగడం, జవాబు కోసం ఆగడం, అప్పుడు పొయ్యడం. పాపం బాగా కష్టపడ్డారు. ఎవరూ దారితప్పి పువ్వుల గదికి పోకుండా దానికి తాళం వేసి, తాళంచెవి తను వేసుకున్న నా ప్యాంటు జేబులోనే దాచుకున్నారు.

ఆరుగంటలకి పుడ్డింగ్ వడ్డించాను, రూబార్బే. మార్నీ ఖాళీ కంచంతో దర్జాగా కూర్చుంది. ఒవైస్ ఒక్కడే షర్బత్ తాగలేదు. దాహం లేదన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఆదివారం ఉదయం ఏడున్నరకి, ఎండ అప్పటికే గడ్డి మీద పడుతుంటే, నేను బకెట్ చూడటానికి వెళ్ళాను. రాత్రంతా గుడారం తలుపు కొట్టుకుంటూనే ఉంది కాబట్టి గీత దాటే ఉంటుందని నా ధీమా.

బకెట్ ఖాళీ. ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు, తోమి, కడిగి, అడుగున కొత్త మందు పోసి ఉంది. ఎర్ర గీత తళతళలాడుతోంది.

నా వెనకాలే మార్నీ వచ్చింది. ఒళ్ళో ఎప్పటిలాగే జెండా సంచి ఉంది. ఎనిమిదింటికి జెండా ఎక్కించాలి, ఎక్కించినవాళ్ళే మధ్యాహ్నం దించాలి. బకెట్‌లోకి తొంగి చూసింది.

నేను తిన్నగా కారు దగ్గరికి వెళ్ళి అద్దం మీద కొట్టాను. హిలరీ గారు దుప్పటిలోంచి లేచారు. "నేను కాదు," అన్నారు, నేనింకా నోరు విప్పకముందే సంగతి నా మొహంలో చదివి. "ప్రమాణం చేస్తాను విన్నీ. చెయ్యాలనిపించింది. కాని చెయ్యలేదు." ఆవిడ అబద్ధం చెప్పరు. స్కిప్‌ని అడిగాను, కాదని తల అడ్డంగా ఊపాడు. అతను ఏదైనా మంచిపని చేస్తే పది నిమిషాల్లో తనే చెప్పేస్తాడు.

గడ్డి మీద, సిమెంటు తొట్టి నుంచి పైకి, నీలం చుక్కలు వరసగా ఉన్నాయి. మార్నీ వాటి వెంట కుర్చీ నడిపింది. మేం వెనకాల నడిచాం. చుక్కలు దొడ్డి గుడారం దగ్గర ఆగలేదు. అక్కణ్ణుంచి నక్కల దళం గుడారం దాకా వెళ్ళి, బయట విప్పిన బూట్ల దగ్గర ఆగాయి. ఆ బూట్లు కొత్తవి. తెల్లగా ఉండాల్సిన తాళ్ళు నీలంగా ఉన్నాయి.

ఒవైస్ లోపల్నుంచి పళ్ళు తోముకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూసి బ్రష్షు తీశాడు.

"నువ్వా?" అంది మార్నీ.

"నేనే."

"నీకు తెలుసు కదరా. అందరూ నా కోసం తాగారని తెలుసు కదా."

"తెలుసు. పొద్దున దొడ్డి ఎవరి వంతో పనుల పలక మీద చూడు. నా పేరే ఉంది. విన్నీ గారి రాతే."

నిజమే. మార్చడం మర్చిపోయాను. కాని ఆ పిల్లాడి గొంతు వంతు గురించి మాట్లాడుతున్న గొంతు కాదు.

"లీడర్ అవ్వాలని చేశావా?" అంది మార్నీ. "మీ నానమ్మ వీధంతా చెప్పేసిందనా?"

ఒవైస్ పైజామా జేబులోంచి తన కార్డు తీశాడు. మూడేళ్ళుగా మడిచి మడిచి దాని అంచులు పీచు తేలాయి. మార్నీకి ఇవ్వలేదు, నాకిచ్చాడు. విప్పాను. దొడ్డి గడిలో తొమ్మిది సంతకాలు. నీళ్ళు, నిప్పు, వంట, గిన్నెలు అన్నీ నిండి ఉన్నాయి. జెండా గడి తెల్లగా ఉంది. ఒక్క సంతకం కూడా లేదు.

పదకొండు క్యాంపులు. ప్రతిసారీ జెండా మార్నీకే ఇచ్చాను. మిగిలినదంతా ఇంకెవరికో ఇచ్చాను, ఆ ఇంకెవరో ఎవరని ఎప్పుడూ చూడలేదు.

"దొడ్డి ఇవాళ్టితో పదండీ," అన్నాడు ఒవైస్. ఏడవట్లేదు, అందుకే వినడం కష్టంగా ఉంది. "జెండా ఒక్కసారి కూడా అడగలేదు నేను. అడిగితే, పాపం మార్నీకి అదొక్కటేగా అంటారని. దాని గడి ఖాళీ అని తెలిస్తే నిన్న క్యాంపంతా కూర్చుని షర్బత్ తాగారు. నా గడి కోసం ఎవరైనా ఒక్క గ్లాసు తాగారా? అసలు ఎవరైనా అడిగారా, నీ కార్డు చూపించరా అని?"

హిలరీ గారు నా పాత ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒవైస్ దగ్గరికి ఒక అడుగు వేసి, ఆగిపోయారు. స్కిప్ టీ పెట్టుకోవడానికి వెళ్ళలేదు.

మార్నీ ఆ కార్డునే చూస్తోంది. ఒళ్ళో జెండా సంచి ఉంది. అది ఒవైస్ చేతికిస్తే ఇవాళ్టితో వాడి ఆరు గళ్ళూ నిండుతాయి, దళంలో పోటీ చెయ్యగలిగేది వాడొక్కడే అవుతాడు. ఇవ్వకపోతే ఇద్దరికీ చెరో గడి ఖాళీ. అక్కడ బకెట్ అడుగున రెండంగుళాల మందు తప్ప ఏమీ లేదు, క్యాంపులో షర్బత్ అయిపోయింది. ఆ పిల్ల సంచి తాడుని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"విన్నీ గారూ," అంది చివరికి, నా వైపు చూడకుండా. "టైమెంతయింది?"

గడియారం చూసుకున్నాను. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ.